టమాటా గింజ పండులోనే ఎందుకు మొలవదు?

బాలలూ! ఇంట్లో కూరకు తెచ్చిన టమాటాల్లో బాగా ముగ్గినదాన్ని ఒకటి అడ్డంగా కోయండి. గదులు గదులుగా ఉండి, ఒక్కో గదిలో జిగురులో మునిగిన గింజలు కనిపిస్తాయి. గింజ మొలకెత్తడానికి నీరు, గాలి, వెచ్చదనం కావాలని కింది తరగతుల్లోనే చదువుకున్నారు. పండులో తడికి కొదువ లేదు. మన వరంగల్‌లో వెచ్చదనానికి అసలే కొదువ లేదు. మరి ఆ గింజలు పండులోనే ఎందుకు మొలవవు?

జవాబు చాలావరకు ఆ జిగురులోనే ఉంది. గింజలోనూ, దాని చుట్టూ ఉన్న జిగురులోనూ అబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను ఉంటుంది. అది అంకురాన్ని నిద్రపుచ్చుతుంది. పైగా పండురసంలో చక్కెరలు, లవణాలు కరిగి ఉండటం వల్ల గింజ నీటిని తేలికగా పీల్చుకోలేదు. ద్రవాభిసరణ పాఠం గుర్తు తెచ్చుకోండి. పండు నేలరాలి, కుళ్లి, జిగురు వదిలిపోయాకే గింజకు మెలకువ వస్తుంది. చాలా రోజులు నిలవున్న పండును కోస్తే ఒక్కోసారి లోపల తెల్లని తోకలు కనిపిస్తాయి. పురుగులనుకొని పారేయకండి. అవి మొలకలు!

ఇది నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. కొన్ని గింజలను జిగురుతో సహా గాజు గ్లాసులో వేసి, కొద్దిగా నీళ్లు పోసి, పైన గుడ్డ కట్టి రెండు రోజులు ఉంచండి. పులిసి వాసన వస్తుంది, అమ్మ కోప్పడుతుంది. గ్లాసును పెరట్లో పెట్టుకోండి. సూక్ష్మజీవులు జిగురును తినేస్తాయి. గట్టి గింజలు అడుగుకు చేరతాయి, తాలు గింజలు పైకి తేలతాయి. అడుగువాటిని జల్లెడలో కడిగి పళ్లెంలో నీడన ఆరబెట్టండి. రెండు రోజులకు మించి ఉంచితే గింజలు గ్లాసులోనే మొలకెత్తవచ్చు. ఇప్పుడు రెండు తడిగుడ్డలు తీసుకొని, ఒకదానిలో కడిగిన గింజలు 20, రెండోదానిలో అప్పుడే కోసిన పండులోని జిగురు గింజలు 20 పరవండి. గుడ్డలు ఆరనివ్వకుండా రోజూ ఎన్ని మొలిచాయో లెక్క రాయండి.

ఈ లెక్క ఆట కాదు. మన దేశంలో ధ్రువీకరించిన టమాటా విత్తనాలు నూటికి కనీసం 70 మొలకెత్తాలని ప్రమాణం. మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే, నారు పోసేముందు పొట్లంలోంచి వంద గింజలు తీసి తడిగోనెలో ఇలాగే పరీక్షించమని నాన్నకు చెప్పండి. నేలలో వేశాక మొలవలేదని తెలిస్తే విత్తనం ఖర్చు, కూలి, ఎరువు మూడూ పోతాయి. వాటికి తోడు అదును దాటిపోతుంది.

మరో సంగతి. మీరు కోసిన పండు ఏ రకం? బజారులో దొరికేవి చాలావరకు సంకర రకాలు. ఒకసారి మా బడి పిల్లలు నున్నటి పెద్ద పండు గింజలు దాచి నాటారు. ఒక మొక్కకు గుండ్రని కాయలు, ఒకదానికి గాట్లుపడ్డ చదును కాయలు, ఇంకొకటి నెల ఆలస్యంగా కాసింది. విత్తనాలు నేనే కలిపేశానని వాళ్ల అనుమానం! కాదు. మెండెల్ బఠానీల్లో చూసిందే ఇక్కడా జరిగింది: రెండో తరంలో లక్షణాలు విడిపోయాయి. పూసా రూబీ, అర్కా వికాస్ వంటి శుద్ధ రకాల గింజలు మాత్రం దాచుకోవచ్చు. టమాటా పువ్వులో చాలావరకు స్వపరాగ సంపర్కమే గనుక రకం చెడదు. అర్కా రక్షక్ సంకర రకం, దాని విత్తనం ప్రతిసారీ కొనవలసిందే.

నారు పోయడానికి దసరా సెలవులు మంచివి. చెలక మట్టి, చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపి, అడుగున చిల్లులున్న కుండీలో నింపండి. అర సెంటీమీటరు లోతున గింజలు వేయండి. వారంలో సన్నని రెండు బీజదళాలు బయటికొస్తాయి. తరువాత వచ్చే చీలికల ఆకును నలిపితే టమాటా వాసన వేస్తుంది.

ప్రమాదమంతా ఇక్కడే. ఒక ఏడాది మా పిల్లలు పోటీలు పడి రెండుపూటలా నీళ్లు పోశారు. సోమవారం వచ్చి చూస్తే నారంతా మొదళ్లు మెత్తబడి నేలకొరిగి ఉంది. ఒక్కటీ మిగల్లేదు. ఇది నారుకుళ్లు తెగులు. పిథియం వంటి సూక్ష్మజీవులు నిలవ తడిలో పెరిగి లేత కాండాన్ని కుళ్లిస్తాయి. నీళ్లు ఉదయంపూట, పైమట్టి ఆరాకే పోయాలి. నారు ఒత్తుగా ఉంటే కొన్ని పీకేయాలి. వంగ, మిరప పెరిగిన పాత మట్టి వాడకండి. వాటి తెగుళ్లలో కొన్ని దీనికీ అంటుతాయి.

నాలుగు వారాలకు నారు తీసి సాయంత్రంపూట నాటండి. కాండాన్ని కొంత మట్టిలోకి దించినా పరవాలేదు, అక్కడినుంచి అబ్బురపు వేళ్లు పుడతాయి. పూత సుమారు మరో నెలకు వస్తుంది. కేసరాలు గొట్టంలా కలిసి ఉండటంవల్ల పుప్పొడి రాలాలంటే పువ్వు అదరాలి. తుమ్మెద పువ్వును పట్టుకొని ఝుమ్మని అదిలిస్తుంది, తేనెటీగకు ఆ విద్య రాదు. గాలి కూడా కొంత సాయపడుతుంది. తుమ్మెదలు రాకపోతే ఉదయంపూట పూగుత్తిని వేలితో మెల్లగా తట్టండి.

దసరాకు ఎందుకు వేయమన్నానంటే, పగలు 35 డిగ్రీలు దాటి రాత్రికీ చల్లబడకపోతే పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. పండేటప్పుడు ఎండ ముదిరితే లైకోపిన్ అనే ఎర్రరంగు సరిగా ఏర్పడక పండు పసుపు నారింజగా మిగులుతుంది. 2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. దానికి కారణాలు ఎన్నో ఉన్నా, వేసవి ఎండలకు పూత నిలవకపోవడం వాటిలో ఒకటి. దసరాకు వేసిన మీ మొక్కలకైతే శివరాత్రిలోపే పండ్లు దిగుతాయి.

ఇక మీకొక పని. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చిని టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు. పేరుకే కాదు, రెండూ ఒకే కుటుంబం. పచ్చి చపాటాను కోసి చూడండి, గింజల చుట్టూ జిగురు ఉండదు. మరి ఆ గింజలు కాయలోనే ఎందుకు మొలవవు? తడిగుడ్డ ప్రయోగం వాటితోనూ చేసి, ఎన్నో రోజున ఎన్ని మొలిచాయో టమాటా లెక్క పక్కన రాసుకోండి.