పెన్‌డ్రైవ్‌లో కాగితాలు దాచుకుంటున్నారా? దానికీ తాళం వేయండి

జాలరిపేట మత్స్యకార లబ్ధిదారులకు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి ఇచ్చే భృతి 2025లో ₹20,000కు పెరిగింది. ఆ సొమ్ము నేరుగా మీ ఖాతాలోనే పడుతుంది. దరఖాస్తుకనో, ఈకేవైసీకనో ఆధార్, పాస్‌బుక్, బియ్యం కార్డు, బోటు రిజిస్ట్రేషన్ అన్నీ స్కాన్ చేయించి ఒకే పెన్‌డ్రైవ్‌లో వేసుకునే వాళ్లు చాలామందే ఉన్నారు. మంచి పనే. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడటం చూశాం కదా, కాగితాలకు నకలు ఉండాల్సిందే.

మరి ఆ పెన్‌డ్రైవ్ ఆటోలో జారిపోతే? నెట్ సెంటర్‌లో కంప్యూటర్‌కే ఉండిపోతే?

ఆధార్‌తో డబ్బు తీసే చోట కావాల్సింది ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఓటీపీ అడగరు. మొదటి రెండూ మీ పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. వేలిముద్ర వేసిన పాత దస్తావేజు స్కాన్ కూడా అందులోనే ఉంటే మూడూ ఒక్కచోట చేర్చి పెట్టినట్టే. దస్తావేజుల మీది ముద్రల నుంచి నకిలీ వేలిముద్రలు తయారుచేసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన రాష్ట్రాల్లోనే బయటపడ్డాయి.

ఫోల్డరును ‘హిడెన్’ చేస్తే చాలనుకుంటారు కొందరు. అది తాళం కాదు, పైన గోనె కప్పడం. డిలీట్ చేసిన ఫైలును కూడా చాలాసార్లు తిరిగి తీయొచ్చు. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉందిగా అంటారేమో. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం: ఈ లెక్క అందరికీ తెలిసిందే.

అసలు తాళం ఇలా వేయాలి. సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లన్నీ ఒక మూటగా కట్టి పాస్‌వర్డ్ పెట్టాలి. ఫైళ్ల పేర్లు కూడా దాచే గడి ఉంటుంది, దానికీ టిక్ పెట్టండి. మూట కట్టాక బయట మిగిలిన విడి ఫైళ్లు తీసేసి, పెన్‌డ్రైవ్‌ను క్విక్ ఫార్మాట్ కాకుండా పూర్తిగా ఫార్మాట్ చేసి, మూటను మళ్లీ ఎక్కించాలి. విండోస్ ప్రో ఉన్న కంప్యూటరైతే బిట్‌లాకర్‌తో పెన్‌డ్రైవ్ మొత్తానికి తాళం వేయొచ్చు. అప్పుడొచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. పాస్‌వర్డ్, ఆ కీ రెండూ పోతే మీ ఫైళ్లు మీకూ రావు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ల చేత చేయించుకోండి, బయటివాళ్లకు పాస్‌వర్డ్ చెప్పొద్దు.

ఒక్క సంగతి మాత్రం మరవొద్దు. తాళం కాపాడేది పెన్‌డ్రైవ్ పోయినప్పుడే. నెట్ సెంటర్‌లో మీరే తాళం తీశాక ఆ కంప్యూటర్ అన్నీ చూడగలదు, కాపీ కూడా చేసుకోగలదు. అందుకే తాళం వేసిన పెన్‌డ్రైవ్ ఇంట్లోనే ఉండాలి. సెంటర్‌కు ఆ రోజు కావాల్సిన ఒక్క ఫైలే పట్టుకెళ్లండి. పూర్తి నంబరు తప్పనిసరి కాని చోట చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. డిజిలాకర్‌లో ఉన్న కాగితాలకైతే పెన్‌డ్రైవ్ అవసరమే లేదు, ఫోన్‌లో చూపిస్తే చాలు.

ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేస్తే నకిలీ వేలిముద్ర పనిచేయదు. అయితే రేషన్‌కు, ఈకేవైసీకి మీ వేలు కూడా పడదు, వెళ్లే ముందు కాసేపు అన్‌లాక్ చేసుకోవాలి.

పెన్‌డ్రైవ్ పోయిందని తెలిసిన రోజే బయోమెట్రిక్ లాక్ వేసి, బ్యాంకుకు చెప్పండి. ఖాతాలో డబ్బు కదిలిందా, వెంటనే 1930కి ఫోన్ చేయండి.