పాత కారు, ఘాట్ రోడ్డు: ప్రశ్నలు - జవాబులు

కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సెకండ్ హ్యాండ్ కార్ల గురించే. వీళ్లలో చాలామందికి చుట్టాలు సాలూరు, పార్వతీపురం, విజయనగరం వైపు ఉన్నారు. పెళ్లికైనా, ఆసుపత్రికైనా కొండ దిగి వెళ్లాలి, మళ్లీ ఎక్కి రావాలి. కాబట్టి జవాబులన్నీ ఘాట్‌ను మనసులో పెట్టుకునే రాస్తున్నాను. మైదానంలో తిరిగే బండికి వాయిదా వేసినా పర్వాలేదనిపించే బకాయి పనిని ఇక్కడ వాయిదా వేయకూడదు.

ప్రశ్న: మాది రాయగడ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఈమధ్యే 2012 మోడల్ స్విఫ్ట్ డిజైర్ డీజిల్ కారు కొన్నాం. మీటరు 1,64,000 కిలోమీటర్లు చూపిస్తోంది. సర్వీసు కాగితాలు ఒక్కటీ లేవు. అమ్మినాయన "అన్నీ చేయించే ఇస్తున్నానండీ" అన్నారు. తరచూ పార్వతీపురం, అప్పుడప్పుడు లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్తుంటాం. చేతిలో ముప్పై వేలున్నాయి. మావారు సీటు కవర్లు, పాలిష్ అంటున్నారు. మెకానిక్ ఇంజిన్ విప్పుదామంటున్నాడు. ఏది ముందు?

జవాబు: అమ్మా, ప్రస్తుతానికి రెండూ వద్దు. కాగితం లేని పని జరగనట్టే లెక్క వేసుకోండి. అమ్మినాయన అబద్ధమాడారని కాదు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో, గేర్ ఆయిల్ అసలు మార్చారో లేదో తేదీతో సహా తెలియనప్పుడు, మార్చలేదనుకుని మొదలుపెట్టడమే క్షేమం.

ముందుగా ఖర్చు లేని పని ఒకటి చేయండి. మారుతి కంపెనీ వర్క్‌షాపుకు వెళ్లి బండి నంబరు చెప్పి పాత సర్వీసు రికార్డు ఉందేమో అడగండి. కంపెనీ సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ తేదీ, మీటరు రీడింగ్ కంప్యూటర్లో ఎక్కుతాయి. అక్కడ ఎప్పుడో 1,90,000 అని నమోదై ఉంటే ఇప్పటి 1,64,000 అబద్ధమన్నమాట. రికార్డు దొరకకపోతే క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు, స్టీరింగు మీద చెయ్యి పడేచోటు, డ్రైవరు సీటు అంచు చూడండి. మీటరును వెనక్కి తిప్పగలరు గాని అరిగిన రబ్బరును తిప్పలేరు.

ఇక డబ్బు. ముందు బండి ఆగాలి, తర్వాత చెప్పినట్టు తిరగాలి, ఆపైన వేడెక్కకుండా ఉండాలి. పరుగు, పికప్, మైలేజీ వీటి తర్వాతే.

మొదటి రోజు నాలుగు చక్రాలూ ఊడదీయించండి. ముందు ప్యాడ్లు బయటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ చూస్తారు. వెనక డ్రమ్ములు విప్పేవాళ్లు తక్కువ. మీరు దగ్గరుండి విప్పించండి. లోపల లైనర్లు ఎంత మిగిలాయో, వీల్ సిలిండరు రబ్బరు అంచున తడి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. పొడి దుమ్ము ఉంటే ఫర్వాలేదు. నల్లటి జిడ్డు తడి కనిపిస్తే సిలిండరు లీకవుతున్నట్టే, ఆ చక్రం సగమే పనిచేస్తోంది. బ్రేకు హోస్ పైపులను వంచి చూడమనండి, పగుళ్లుంటే మార్చాలి. బ్రేక్ ఆయిల్ మొత్తం కొత్తది పోయించాలి. అది ఎందుకో రెండో ఉత్తరంలో వివరంగా రాశాను.

టైరు పక్క గోడ మీద కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2317 అంటే 2017వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. గాడి 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే టైరు చట్టప్రకారం కూడా పనికిరాదు. గాడి బాగున్నా పక్కగోడ సన్నగా పగిలితే ఘాట్‌కు వద్దు. స్టెప్నీనీ అలాగే చూడండి, బండితోపాటు వచ్చిన స్టెప్నీ డిక్కీలోనే ముసలిదై ఉంటుంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా, తర్వాత కుడీ ఎడమా పట్టుకుని ఊపమనండి. టకటకమంటే బాల్ జాయింటో, టై రాడ్ ఎండో, బేరింగో అయిపోయిందని అర్థం.

రెండో విడతలో కూలెంట్, రేడియేటర్ హోసులు, ఫ్యాన్ బెల్టు. మూడో విడతలో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, గేర్ ఆయిల్. మీ బండిలో ఉన్నది టైమింగ్ చైను. బెల్టులా ఇన్ని కిలోమీటర్లకని మార్చే పని లేదు. కానీ ఆయిల్ మురికిగా ఉండిపోతే ఆ చైను, దాని టెన్షనరూ అరుగుతాయి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి బానెట్ దగ్గర నిలబడి వినండి. మొదటి కొన్ని క్షణాలు గొలుసు గలగలలాడినట్టు వినిపిస్తే ఘాట్ ఎక్కించకుండా చూపించాలి. ఆయిల్ ఎంతకాలంగా మార్చలేదో తెలియని ఇంజిన్‌లో ఫ్లష్ మందు పోయించకండి. పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి ఆయిల్ దారికి అడ్డుపడొచ్చు. దానికి బదులు ఇప్పుడొకసారి ఆయిల్, ఫిల్టరు మార్చి, రెండు మూడు వేల కిలోమీటర్లకే మళ్లీ మార్చండి. మురికి నెమ్మదిగా పోతుంది.

ఇంజిన్ విప్పడం గురించి నా మాట గట్టిగానే చెబుతాను. పొద్దున ఒక్క తాళంతో స్టార్టయి, నీలం పొగ రాకుండా, ఎక్కుడులో బాగా లాగుతూ, ఆయిల్ తగ్గకుండా ఉన్న ఇంజిన్‌ను విప్పకూడదు. అనుమానముంటే కంప్రెషన్ టెస్టు చేయించమనండి. అంకె చూపించకుండా విప్పుదామనే మెకానిక్‌కు బండి ఇవ్వకండి.

పనులన్నీ ఒకేరోజు చేయించొద్దు. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య వారం పది రోజులు ఊళ్లోనే తిప్పండి. అన్నీ కలిపి మార్చాక కొత్త చప్పుడు మొదలైతే అది ఏ పని వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. తేదీ, మీటరు, మార్చిన సామాను, బిల్లు ఒక నోటుబుక్కులో రాసి కారులోనే పెట్టండి. డబ్బు మిగిలితే సీటు కవర్లకు ఇవ్వకండి. క్లచ్ ప్లేటు, బ్యాటరీ ఎప్పుడైనా అడుగుతాయి.

ప్రశ్న: కోరాపుట్ నుంచి 26వ నంబరు జాతీయ రహదారి మీద సాలూరు వెళ్తున్నాం. సుంకి దగ్గర ఘాట్ దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి పోయింది. గబగబా తొక్కితే పట్టింది. సాలూరులో ఆపి టీ తాగి చూస్తే ఎప్పటిలాగే గట్టిగా ఉంది. మెకానిక్ ఏ లోపమూ లేదన్నాడు. బండి 2010 వ్యాగనార్, లక్షా ఇరవై వేలు తిరిగింది. పిల్లలతో వెళ్లాలంటే భయంగా ఉంది.

జవాబు: మీ భయం సరైనదే. బ్రేక్ ఆయిల్ మార్చేదాకా ఆ బండిని ఘాట్‌లో దింపకండి. చల్లారాక చూసిన మెకానిక్‌కు లోపం కనపడదు. అది వేడెక్కినప్పుడే బయటపడే లోపం.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత బిగించే ఉన్నా రబ్బరు హోసుల గుండా ఏళ్ల తరబడి తేమ చేరుతుంది, మన కొండల వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రమాణాల ప్రకారం డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, నీరు పట్టాక 155. పొట్టంగి దాటాక ఆగకుండా బ్రేకు మీద కాలు పెట్టి దిగితే ప్యాడ్ల వేడి ఆయిల్‌ను ఆ స్థాయికి తెస్తుంది. ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. ద్రవం నలగదు గాని బుడగ నలుగుతుంది, అందుకే పెడల్ నేలకు దిగిపోయింది. చల్లారగానే బుడగలు కరిగిపోయాయి, పెడల్ మళ్లీ గట్టిపడింది.

పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే కథ వేరు. అది లైనర్లు, ప్యాడ్లు మాడి పట్టు కోల్పోవడం, కాలిన వాసన కూడా వస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా, బండి నిలిపి పెడల్‌ను ఒకే బలంతో అదిమి ఉంచితే నెమ్మదిగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండరు పోయిందని అర్థం. మీ మెకానిక్‌కు ఈ మూడూ విడివిడిగా చెప్పండి.

ఆయిల్ మార్పించేటప్పుడు సీలు తీయని కొత్త డబ్బానే మీ ముందు తెరిపించండి. సగం వాడి షెల్ఫులో పెట్టిన డబ్బాలో అప్పటికే తేమ చేరి ఉంటుంది. బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే పోయాలి. నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా పోయి స్పష్టమైన రంగు వచ్చేదాకా తీయించాలి. పైన కొంచెం కలిపి వదిలేస్తే లాభం లేదు. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఈ ఆయిల్ ధర వందల్లోనే ఉంటుంది. బకాయి పనుల్లో ఇంత తక్కువ డబ్బుతో ఇంత ప్రాణరక్షణ ఇచ్చేది మరొకటి లేదు.

దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదలండి. బ్రేకును తొక్కి వదులుతుండాలి, అదిమి పట్టొద్దు. డీజిల్, పెట్రోలు మిగులుతాయని కొందరు న్యూట్రల్‌లో దింపుతారు, ఇంజిన్ కూడా ఆపేస్తారు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు బూస్టరు సాయం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

ప్రశ్న: సెమిలిగుడలో ఉంటాను. 2007 ఇండికా డీజిల్. సాలూరు నుంచి ఎక్కి వచ్చేటప్పుడు టెంపరేచరు ముల్లు పైకి పోతోంది. దారిలో ఆపి వాగు నీళ్లు పోసి వస్తున్నాను. థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు.

జవాబు: తీయించకండి. రేడియేటర్ మూసుకుపోతే థర్మోస్టాట్ తీసినంత మాత్రాన తెరుచుకోదు. పైగా సెమిలిగుడ, పొట్టంగి చలికాలంలో ఇంజిన్ సరైన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. అనుమానముంటే కొత్తది వేయించండి, ఖరీదైన సామాను కాదు.

అసలు కారణం బహుశా ఆ వాగు నీళ్లే. వాగు నీటిలో, బోరు నీటిలో ఉన్న మట్టి, లవణాలు రేడియేటర్ సన్న గొట్టాల్లో గట్టిపడతాయి. గత్యంతరం లేనప్పుడు ఒకసారి పోస్తే పోశారు, ఊరు చేరాక తీసేసి కడిగించి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయించాలి. అలాగే రేడియేటర్ మూత మార్చండి. సాలూరు నుంచి కోరాపుట్ దాకా ఏడు వందల మీటర్లకు పైగా ఎత్తుకు వస్తాం. ఇంత ఎత్తులో మామూలు నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్‌లో మరగకుండా ఆపేది ఆ మూత పట్టి ఉంచే ప్రెషరే. మూతలోని స్ప్రింగో రబ్బరో పోతే మంచి రేడియేటర్ కూడా పొంగుతుంది. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత మీద చెయ్యి వేయకండి, మరిగే నీళ్లు ముఖాన పడతాయి.

ఫ్యాన్ తిరుగుతోందో లేదో, వాటర్ పంపు దగ్గర చెమ్మ ఉందేమో కూడా చూపించండి.

ప్రశ్న: గుణుపూర్. 2009 శాంట్రో జింగ్, 90,000 తిరిగింది. టైమింగ్ బెల్టు ఎప్పుడూ మార్చలేదు. బండి బాగానే నడుస్తోంది. ఇంకో ఏడాది ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దు, ఈ నెలలోనే మార్పించండి. బెల్టు తెగేముందు చెప్పి తెగదు. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, హెడ్డు విప్పాల్సి వస్తుంది. కిలోమీటర్లు తక్కువైనా రబ్బరుకు వయసు ఉంటుంది. టెన్షనర్ బేరింగు కూడా కలిపి మార్చండి. అక్కడిదాకా విప్పారు కాబట్టి వాటర్ పంపు కూడా అప్పుడే చూడమనండి, కూలీ ఒక్కసారితో పోతుంది.

ప్రశ్న: మాది జయపురం. విజయనగరంలో తెలిసినాయన దగ్గర 2014 ఆల్టో కొన్నాను, ఏపీ నంబరు. ఏడాది దాటింది. ఆయన సంతకాలు పెట్టిన ఫారం 29, 30 నా దగ్గరున్నాయి. అవి చాలవా?

జవాబు: చాలవండీ. ఇదీ బకాయి పనే, బ్రేకుల తర్వాత దీనికే తొందర. ఆర్‌సీలో పేరున్నవారే చట్టం దృష్టిలో యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. మీ చేతిలో ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఆ విజయనగరం ఆయన మెడకు చుట్టుకుంటుంది. ఇన్సూరెన్స్ ఆయన పేరునే ఉంటే మీకు రావాల్సిన దానికీ చిక్కే.

అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకోండి. పాత లోను ఆర్‌సీలో ఉంటే ఫారం 35తో తీయించాలి. తర్వాత కోరాపుట్ ఆర్టీఓలో పేరు మార్పు, ఒడిశా నంబరు, బండి వయసును బట్టి పన్ను. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే కొత్త నంబరు తప్పనిసరి, మీరు ఆ గడువు దాటేశారు. ఆన్‌లైన్‌లో చలానాలు బాకీ ఉన్నాయేమో కూడా చూసుకోండి, అవి తేలకపోతే ఎన్‌ఓసీ రాదు.

సొంత కారు ఆర్‌సీ పదిహేనేళ్లు చెల్లుతుంది. తర్వాత ఫారం 25 ఇచ్చి, బండి చూపించి, ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఈ ఫీజు కారుకు ఐదు వేలకు పెరిగింది, ఆలస్యమైతే నెలనెలా అదనం కూడా పడుతుంది. పై ఉత్తరాల్లోని ఇండికా, శాంట్రో, వ్యాగనార్ యజమానులు ముగ్గురూ ఈ వారమే ఆర్‌సీ తీసి తేదీ చూసుకోండి. ఆ పరీక్షకు వెళ్లేముందు ఎలాగూ బ్రేకులు, లైట్లు, టైర్లు బాగుచేయించాలి.

ఇకపై ప్రశ్న పంపేవారు బండి మోడల్, తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా, మీటరు రీడింగ్ తప్పక రాయండి. లోపం ఎక్కుడులో వస్తోందా, దిగుడులోనా, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా అన్నదీ రాయండి. బ్రేకు గురించిన ఉత్తరమైతే మా జవాబు కోసం ఎదురుచూడొద్దు. ముందు బండి ఆపి, మెకానిక్‌ను పిలవండి.