అతుకుల బొంత : తేలిక కుట్టు నుండి కష్టమైన కుట్టుకు

తెలుగులో ఒక రచనను నిందించవలెనన్నచో "ఇది అతుకుల బొంత" అంటే చాలును. ఏకత్వం లేని వ్యాసమూ, పొత్తు కుదరని మంత్రివర్గమూ, పాత రేకులు కొత్త కర్రలు కలిపి నిలబెట్టిన పాకా మనకు అతుకుల బొంతలే. మేము కూడా ఒక విద్యార్థిని వ్రాసిన వ్యాసం అడుగున ఎర్ర సిరాతో ఆ మాటనే వ్రాసినాము. కోనసీమ నుండి రోజూ బస్సులో వచ్చి చదువుకొనే ఆ అమ్మాయి కాగితం అందుకొని, కొంతసేపు నిలిచి, "మాస్టారూ, మా నాయనమ్మ కుట్టిన బొంతలో ఒక్క అతుకు కూడా ఊడదండి. తిట్టడానికి ఇంకేదైనా మాట వాడండి" అన్నది. సమాధానం చెప్పుటకు మా వద్ద ఏమీ లేకపోయినది. బొంతను మేము ఎన్నడూ పరిశీలనగా చూచినవారము కాము. కప్పుకొని నిద్రపోయినాము, అంతే. ఈ వ్యాసం ఆ లోపాన్ని దిద్దుకొనే ప్రయత్నము.

మాటతోనే మొదలుపెట్టుదుము. సంస్కృతంలో 'కంథ' అనగా బొంత. వంగదేశపు స్త్రీలు పాత చీరలను పొరలుగా పరచి కుట్టే 'కాంథా'కు ఈ పేరే వర్తిస్తున్నది. ఉర్దూలో దీనిని 'గుద్డీ' అంటారు. యోగి భుజాన ఉన్న కంథ, ఫకీరు ఒంటిమీది గుద్డీ ఒకే వస్తువు. అయితే ఉర్దూలో 'గుద్డీ కా లాల్' అనే జాతీయం ఒకటి ఉన్నది. చింకి బొంతలో దాగిన మాణిక్యమని, పేదయింట పుట్టిన ప్రతిభావంతుడని దాని భావము. తెలుగు ఆ బొంతను నిందకు వాడుకొన్నది. ఉర్దూ అందులో మాణిక్యాన్ని దాచినది. రెండు భాషలూ చదివే మన విద్యార్థులు ఏది న్యాయమో తేల్చుకొనవచ్చును.

గోదావరి డెల్టాలో చలి గట్టిగా ఉండేది ధనుర్మాసం నుండి సంక్రాంతి వరకే. అయినా బొంత లేని ఇల్లు లేకుండెను. పసిబిడ్డ క్రింద బొంత, నులకమంచం మీద బొంత, వాన ముసురులో ముసలివారి భుజాలమీద బొంత. 1986 ఆగస్టులో గోదావరి పొంగి గట్లు తెగినప్పుడు మా ఇంటి పెద్దలు బియ్యం మూటతో పాటు ఎత్తుకొని పోయినది రెండు బొంతలనే అని చెప్పుకొనేవారు. దీని నిర్మాణం కనబడినంత సాదా కాదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు మూడో నాలుగో పరచి, నడుమ పంచెల ముక్కలు, లుంగీల ముక్కలు ఎగుడుదిగుడు లేకుండ సర్ది, నాలుగు మూలలా బరువు పెట్టి, దబ్బనంతో వరుస వెంట వరుసగా కుట్టుకొని పోతారు. చీర అంచులను ముందే చింపి దాచి, చివరకు వాటినే బొంత చుట్టూ మలచి కుట్టుతారు. చీరలో అన్నిటికంటె ఆలస్యంగా చిరిగేది అంచు. బొంతలో అన్నిటికంటె ముందు అరిగేది అంచు. ఈ రెండింటినీ ఒకచోటికి చేర్చిన బుద్ధి ఎవరిదో గాని, మెచ్చుకొనదగినది.

బొంతకు బంధువు రజాయి. దానిలో పొరలకు బదులు ఏకిన దూది ఉండును. ఈ పని మన ప్రాంతంలో దూదేకులవారిది. ఇంట తెలుగు మాట్లాడే ఈ ముస్లింలను నూర్‌బాషలని కూడా పిలుస్తారు. అరబ్బీలో 'నద్దాఫ్' అంటే దూది ఏకేవాడు. ప్రభుత్వ పట్టికలోని 'లద్దాఫ్' అనే పేరు దానినుండి వచ్చినదే. మా తాతగారు విల్లు భుజాన వేసుకొని వీధులు తిరిగినవారు. వింటి నారిని కొయ్య గుండుతో కొట్టగా, గడ్డకట్టిన పాత దూది విడివడి నురుగువలె పైకి లేచును. ఆ నారి మోతను బట్టి ఏ ఇంట పెళ్ళి పరుపు సిద్ధమగుచున్నదో వీధికి తెలిసేదట. చిన్ననాడు బడిలో ఆ వృత్తి పేరుతో మమ్ము పిలిచి నవ్వినవారు ఉన్నారు. నురుగు పరుపులు వచ్చిన తరువాత విల్లు అటక ఎక్కినది. పేరు మాత్రం మిగిలినది.

ఈ రెండింటి తేడా కుట్టు నేర్చేవారికి ముఖ్యము. దూదికి అల్లిక లేదు. కుట్లు ఎడమైనచో ఉతికినపుడు దూది జారి ఒక మూలకు చేరి ఉండలు కట్టును. కనుక వరుసలు దగ్గరగా, అన్ని వైపులా సమంగా పడవలెను. బొంతలో ఉన్నది గుడ్డ పొర. అది అంత సులభంగా జారదు. కుట్టు కొంచెం తప్పినా బొంత మనలను క్షమించును, రజాయి క్షమించదు. అందుచేత చేయి కుదిరేవరకు బొంతమీదనే నేర్చుకొనుట మంచిది.

ఎర్ర సిరా సంగతి జరిగిన కొన్ని వారాలకు మేము ఆ నాయనమ్మగారి ఇంటికి వెళ్ళినాము. అమ్మాయి, ఆమె స్నేహితురాండ్రు ముగ్గురు, సెలవు దినాలలో అక్కడ కుట్టు నేర్చుకొంటున్నారు. అప్పటికి ఎనిమిది బొంతలు పూర్తి అయినవి. ఎనిమిదింటిలోనూ అవే చతురస్రాలు, ఒకటి ముదురు రంగు, ఒకటి లేత రంగు. చదరంగపు బల్ల వలె చక్కగానే ఉన్నవి. "వేరే నమూనా ఏల ప్రయత్నించలేదమ్మా?" అని అడిగినాము. "తప్పు కత్తిరిస్తే గుడ్డ పోతుందండి" అన్నారు.

ఇది సోమరితనం కాదు. చీర చినిగితే బొంత, బొంత చినిగితే ఇల్లు తుడిచే గుడ్డ అయ్యే ఇంటిలో కత్తెర చేసిన తప్పు వచ్చే చలికాలం మీద పడును. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో లేసు అల్లే స్త్రీల సంగతి కూడ ఇట్టిదే. పువ్వులను విడివిడిగా అల్లి, వాటిని జతపరచే పనిని అక్కడ 'అతుకుపని' అంటారు. జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ 1982లో ఈ స్త్రీలను గురించి ఒక గ్రంథం ప్రకటించినది. రోజంతా సరకు తయారుచేసి విదేశాలకు పంపే వ్యాపారానికి ఆధారమైన స్త్రీలను కూడ లోకం 'ఇంట్లో ఊరకే ఉన్నవారు' గానే లెక్కించినదని అందులో చూపినది. పువ్వుకు ఇంతని కూలి కట్టేచోట కొత్త నమూనా ఎత్తుకొంటే చేయి మందగించును, ఆ రోజు కూలి తగ్గును. అక్కడ కాలం పోవునని భయము, ఇక్కడ గుడ్డ పోవునని భయము. రెండు చోట్లా నేర్పు ఒక మెట్టు మీదనే నిలిచిపోవుచున్నది.

మన రసాయన ప్రయోగశాలలో ఏటా కొన్ని గాజు నాళికలు పగులును. వాటికి పద్దు ఉన్నది, ఎవరూ విద్యార్థిని దొంగవలె చూడరు. కుట్టు నేర్చే పిల్లలకు కూడ చెడగొట్టుటకు కొంత గుడ్డ ఉండవలెనని కమిటీ పెద్దలకు ఈ పుటల ద్వారానే మనవి చేస్తున్నాము. దర్జీ దుకాణాలలో తానుల చివర మిగిలే పీలికలైనా చాలును.

గుడ్డ దొరికిన తరువాత క్రమం ఏది? ఒక్కొక్క బొంతలో ఒక్క కొత్త కష్టాన్ని మాత్రమే తలకెత్తుకొనవలెనని మా అభిప్రాయము. చతురస్రం తరువాత వచ్చేది త్రికోణము. ఇక్కడనే చాలామంది ఆగిపోతారు. కారణం చేతిలో లేదు, లెక్కలో ఉన్నది. ఆరంగుళాల చతురస్రం కావలెనంటే కుట్టుకు ఇరువైపులా పావంగుళం చొప్పున వదలి ఆరున్నర అంగుళాలు కత్తిరిస్తాము. అదే చతురస్రం రెండు త్రికోణాల జతగా కావలెనంటే ఆరున్నర చాలదు. త్రికోణానికి కర్ణం వెంట కూడ కుట్టు పడును. కోణం సన్నబడినచోట ఆ పావంగుళం ఏటవాలుగా ఎక్కువ గుడ్డను మింగును. లెక్క కట్టి చూస్తే పావంగుళాన్ని రెండు, రెండు యొక్క వర్గమూలము, వీటి మొత్తంతో హెచ్చించవలెను. 0.25 × 3.414 = 0.85 అంగుళము. కనుక కుట్టేవారు సులువుకు ఏడు ఎనిమిదవ వంతుల అంగుళం అధికంగా తీసుకొంటారు. అనగా 6⅞ అంగుళాల చతురస్రాన్ని కత్తిరించి మూల నుండి మూలకు కోస్తారు. ఆ అమ్మాయిలు ఆరున్నర కోసి, ముక్క ఎందుకు పొట్టిదైనదో తెలియక ఒకరినొకరు నిందించుకొన్నారు. తొమ్మిదవ తరగతి రేఖాగణితం వారి అందరి వద్దనూ ఉన్నది. కత్తెర పట్టినపుడు అది గుర్తుకు రాలేదు.

రెండవ చిక్కు గుడ్డ స్వభావంలో ఉన్నది. పడుగు వెంట, పేక వెంట గుడ్డ సాగదు. ఏటవాలుగా కోసినచో సాగును. త్రికోణపు పొడవైన ప్రక్క అంతా ఏటవాలే. దీనికి ఒక ఉపాయము కలదు. రెండు రంగుల చతురస్రాలను ఒకదానిమీద ఒకటి పెట్టి, మూలనుండి మూలకు గీత గీచి, గీతకు ఇరువైపులా పావంగుళం దూరంలో ముందు కుట్టి, తరువాత గీతమీద కోయవలెను. సాగే అంచు పుట్టకముందే కుట్టులో చిక్కుకొనును. రెండు జతలు ఒకేసారి సిద్ధమగును. గుడ్డకు గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ఇంకను మేలు. గంజికి మన జిల్లాలలో కరవు లేదు గదా.

కుట్టు అంచు పావంగుళమనగా పావంగుళమే. ప్రతి కుట్టులో పదహారవ వంతు అంగుళం అధికంగా లోపలికి పోయినదనుకొందము. ప్రతి ముక్కకు రెండు ప్రక్కలు గనుక ముక్కకు ఎనిమిదవ వంతు పోవును. పన్నెండు ముక్కల వరుసలో అది అంగుళంన్నర! ప్రక్క వరుస సరిగా కుట్టినవారిదైతే రెండు వరుసలూ జన్మలో కలియవు.

నక్షత్రం వీటన్నిటికంటె కఠినము. నలభై ఐదు డిగ్రీల కోణం గల ఎనిమిది ముక్కలు ఒక బిందువులో కలియవలెను. గుండ్రని కాగితాన్ని మూడుసార్లు మడచినచో ఆ కోణం దానంతట అదే వచ్చును. ఒక్కొక్క ముక్క ఒక్క డిగ్రీ తగ్గినచో మొత్తము ఎనిమిది డిగ్రీలు తగ్గి నక్షత్రం నడుమ గొడుగువలె లేచును. పెరిగినచో చుట్టూ అలలు తేలును. మసీదు గోడలపై ఎనిమిది మొనల నక్షత్రాన్ని, వాకిట చుక్కల ముగ్గులో అదే నక్షత్రాన్ని చూస్తూ పెరిగిన పిల్లలకు దీని ఆకృతి కొత్తది కాదు. గుడ్డ మాత్రమే ముగ్గుపిండివలె చెప్పినట్లు వినదు. నేటి ఇండ్లలో నూలు చీరలకంటె పాలిస్టరు చీరలు ఎక్కువ గనుక మరొక జాగ్రత్త అవసరము. నూలు ఉతికిన కొద్దీ ముడుచుకొనును, పాలిస్టరు ముడుచుకొనదు. రెండూ కలిపి కుట్టదలచినచో నూలును ముందే తడిపి ఆరబెట్టవలెను.

ఇంతవరకు చెప్పినది ముందుగా కొలిచి తప్పును రానీయకుండు మార్గము. తప్పును కలుపుకొనిపోయే మార్గం మరొకటి ఉన్నది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతివారైన సిద్దీలు నివసిస్తున్నారు; వారిలో ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు కూడ ఉన్నారు. వారి స్త్రీలు కుట్టే బొంత పేరు 'కవంద్'. ముక్కలను విడిగా జతపరచక, అడుగు గుడ్డ మీద ఒక మూలనుండి మొదలుపెట్టి, అంచు వెంట చుట్టి చుట్టి నడుమకు వస్తారు. ప్రతి కొత్త ముక్క వెనుకటి ముక్క అంచును కప్పును గనుక లోపం పేరుకొనదు. నాలుగు మూలలా మడతలు పెట్టిన చిన్న ముక్కలను 'ఫూలు'గా కుట్టుతారు. అవి లేని బొంత వారి దృష్టిలో నగ్నము. కొలబద్ద లేదు గనుక ఇది సులభమనుకొనరాదు. ఏ రంగు ప్రక్కన ఏ రంగు అనే తీర్పు ప్రతి నిమిషము చేయవలసి యుండును. అమెరికాలో అలబామా నది వంపులో ఉన్న గీస్ బెండ్ అనే పల్లెలో బానిసల సంతతివారైన స్త్రీలు పొలం పనికి తొడిగిన పాత బట్టలతో ఇట్లే చూపుతోనే లెక్క చూచుకొని బొంతలు కుట్టినారు. 2002లో హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాల వాటిని గోడలకు వ్రేలాడదీసినది; 2006లో అవి ఆ దేశపు తపాలా బిళ్ళల మీదికి ఎక్కినవి. అవి చలికి కప్పుకొనుటకు కుట్టినవే.

మా విద్యార్థినులు చివరకు రెండు మార్గాలనూ కలిపినారు. నడుమ ఎనిమిది మొనల నక్షత్రము, దాని చుట్టూ కవంద్ పద్ధతిలో ముక్కలు. నక్షత్రం మూడుసార్లు విప్పి కుట్టవలసి వచ్చినది. నాలుగవసారి కూడ ఒక వైపు కొద్దిగా పొట్టిదైనది. ఆ పొట్టిదనాన్ని చుట్టూ వచ్చిన ముక్కలు కప్పివేసినవి. ఎరిగినవారు తప్ప దానిని కనిపెట్టలేరు. బొంత పూర్తి అయిన దినమున మేమూ అక్కడ ఉన్నాము. పిల్లలు దానిని మంచం మీద పరచి, నక్షత్రం నాయనమ్మగారికి ఎదురుగా ఉండునట్లు సర్దినారు. ఆమె నక్షత్రం వైపు చూడనే లేదు. బొంతను తిరగవేసి, వెనుకవైపు వరుసలమీద అరచేతితో మెల్లగా రాచి, ఒకచోట ఆగి, "ఇక్కడ ఒక కుట్టు ఎడం పోయిందే అమ్మాయ్, పిల్లోడి కాలివేలు దూరుతుంది" అని దబ్బనం అందుకొన్నది.