ఫుడ్ బ్యాంకు పాలకమండలి: సేవ, చట్టబాధ్యత

ప్రశ్న: అమెరికాలో స్థానిక ఫుడ్ బ్యాంకు పాలకమండలిలో వేతనం లేకుండా చేరదలచినవారు ముందుగా ఏమి తెలుసుకోవాలి?

జవాబు: 1967లో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ ఆరంభించిన సెయింట్ మేరీస్ సంస్థతో రూపుదిద్దుకున్న ఫుడ్ బ్యాంకు, మిగులు ఆహారాన్ని పెద్దయెత్తున సేకరించి, గిడ్డంగిలో భద్రపరచి, పేదలకు నేరుగా పంచే చిన్న కేంద్రాలకు చేరవేసే వ్యవస్థ. అక్కడ పొట్లాలు కట్టే స్వచ్ఛంద సేవకులకు లేని చట్టబాధ్యత మండలి సభ్యులకు ఉంటుంది. నిర్ణయానికి ముందు లెక్కలను శ్రద్ధగా పరిశీలించడం, సొంత లాభం కన్న సంస్థ మేలును ముందుంచడం, చట్టానికీ సంస్థ నియమావళికీ లోబడడం అనే మూడు విధులుగా అమెరికా న్యాయశాస్త్రం దానిని వివరిస్తుంది. వీటిలో రెండవది అత్యంత సున్నితమైనది: సభ్యుని బంధువుకు చెందిన లారీలకు రవాణా కాంట్రాక్టు ఇచ్చే ప్రస్తావన వచ్చినప్పుడు, ఆ సంబంధాన్ని ముందే వెల్లడించి, చర్చ నుండీ ఓటు నుండీ తప్పుకోవడమే ధర్మం, ఎందుకంటే ఆ సొమ్ము ఆకలిగొన్నవారి పేరున వచ్చినది.

చేరకముందే, సంస్థ ఏటా పన్నుల శాఖకు సమర్పించే, ఎవరైనా చూడగల 990 పత్రాన్ని చదవడం, నిర్వాహకులకు బాధ్యతా బీమా ఉన్నదో లేదో, సభ్యుల నుండి విరాళం ఆశిస్తారో లేదో అడగడం అవసరం. సదుద్దేశంతో ఇచ్చిన ఆహారం విషయంలో దాతలకూ పంపిణీ సంస్థలకూ 1996 నాటి బిల్ ఎమర్సన్ చట్టం రక్షణ కల్పిస్తుంది గాని, ఘోర నిర్లక్ష్యానికి ఆ రక్షణ వర్తించదు. కనుక శీతల గదుల ఉష్ణోగ్రతల నమోదును కళ్లారా చూసిన తరువాతనే సమ్మతి తెలపడం సముచితం.