గుండెజబ్బుకు తోడు మరికొన్ని జబ్బులు - రోగి జీవన నాణ్యత

'ఆరోగ్యమే మహాభాగ్యం' అని మన హాస్టల్ భోజనాల వరండా గోడ మీద నీలిరంగుతో రాసి ఉండేది. కంచం పట్టుకుని వరసలో నిలబడి రోజూ చదివేవాణ్ణి. అర్థం మాత్రం ఎం.ఎస్.డబ్ల్యు.లో చేరాకే తెలిసింది. ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, శరీరం, మనసు, నలుగురిలో బతుకు, ఈ మూడూ బాగుండటమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రాజ్యాంగంలోనే రాసుకుంది. 1948 నుంచి ఆ మాట అమల్లో ఉంది. కానీ ఆసుపత్రి చీటీ మీద మొదటిది తప్ప మిగిలిన రెండూ కనిపించవు.

తమ్ముళ్లారా, ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. మన ఇళ్లలో చాలాచోట్ల ఆసుపత్రి కాగితాలు చదవగలిగేది మనమొక్కళ్లమే. సెలవులకు ఇంటికి వెళ్లగానే అమ్మ బీరువా మీదనుంచి ప్లాస్టిక్ సంచి తీసి ముందు పెడుతుంది. అందులో ఏముందో తెలియకుండా మనం డిగ్రీ పాసై ఏం లాభం?

ఒక మనిషి, నాలుగు జబ్బులు

ఒక ప్రధానమైన జబ్బుకు తోడుగా ఉండే ఇతర జబ్బులను వైద్యభాషలో కోమార్బిడిటీ అంటారు. ఫైన్‌స్టీన్ అనే అమెరికా వైద్యుడు 1970లో ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. తెలుగులో తోడు జబ్బులు అనుకుందాం. గుండెజబ్బు ఒంటరిగా రావడం అరుదు. కేరళలో 2013లో తిరువనంతపురం జిల్లా ఆసుపత్రుల్లో గుండె వైఫల్యంతో చేరిన 1205 మంది వివరాలు నమోదు చేశారు. వారిలో సగానికి పైగా మందికి షుగరు ఉంది, సగానికి పైగా మందికి బీపీ ఉంది. గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం అని చాలామంది భయపడతారు. అది కాదు. గుండె కండరం బలహీనపడి ఒంటికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోవడం.

మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. 2019లో గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం లేకపోతే ఆ పని మా వల్ల అయ్యేది కాదు. అయితే గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయింది. మామూలు మనిషికి అది 55కు పైన ఉండాలి. షుగరు అంతకు ముందు నుంచే ఉంది. తర్వాత క్రియాటినిన్ 1.9కి చేరి మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలింది. బస్తాలు మోసిన మోకాళ్ల నొప్పులు సరేసరి. నలుగురు డాక్టర్లు, నాలుగు చీటీలు. ఆ నాలుగు చీటీలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఎవరూ లేరు.

జీవన నాణ్యతను కొలవడం ఎలా?

రక్తపోటుకు మిషను ఉంది, షుగరుకు స్ట్రిప్పు ఉంది. బతుకు ఎలా ఉందో కొలవాలంటే మనిషిని అడగాల్సిందే. అందుకు ప్రశ్నావళులు ఉన్నాయి. అన్ని జబ్బులకూ వాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలో 26 ప్రశ్నలు ఉంటాయి. గుండె వైఫల్యానికి ప్రత్యేకంగా 1980లలో అమెరికాలోని మిన్నెసోటాలో తయారైన దానిలో 21 ఉంటాయి. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 వరకు మార్కులు. మన పరీక్షలకు ఇది తిరగబడ్డ లెక్క. మొత్తం 105, ఎంత ఎక్కువ వస్తే అంత ఇబ్బంది అన్నమాట. ఆయాసం, కాళ్లవాపు, నిద్ర, మెట్లెక్కడం, ఇష్టమైనవి తినలేకపోవడం, మందుల ఖర్చు, సంపాదన, ఇంటివాళ్లకు భారమయ్యాననే బాధ, దిగులు ఇలా సాగుతాయి. దాంపత్యం మీద కూడా ఒక ప్రశ్న ఉంది. ఫీల్డ్ వర్కులో ఆ ఒక్కటి చాలామంది పెద్దవాళ్లను నేను అడగలేకపోయాను. అది నా లోపమే.

ఇంకో చిక్కు ఉంది. ప్రశ్నలన్నీ 'మీ గుండె జబ్బు వల్ల' అని మొదలవుతాయి. వార్డులో ఒక పెద్దమ్మను మెట్లెక్కడం కష్టంగా ఉందా అని అడిగాను. "కష్టమే నాయనా. అది గుండెకాయో, మోకాలో, నీరసమో నాకేం తెలుసు? మెట్టు మాత్రం ఎక్కలేను" అంది. నా పుస్తకంలో ఆ మాటకు గడి లేదు. తోడు జబ్బులున్నవారి దగ్గర ఈ కొలతలు ఇక్కడే తడబడతాయి. ఆయాసాన్నిబట్టి రోగులను 4 తరగతులుగా విభజించే పద్ధతిలోనూ ఇదే ఇబ్బంది. మోకాళ్ల నొప్పితో అసలు నడవని మనిషికి ఆయాసం రాదు. కాగితం మీద ఆయన గుండె బాగున్నట్టే కనిపిస్తుంది. అందుచేత "ఆయాసం వస్తోందా?" అని అడిగి ఊరుకోకూడదు, "ఈ వారం ఎంత దూరం నడిచారు?" అని కూడా అడగాలని నా అభిప్రాయం.

ఒక జబ్బు మందు మరో జబ్బుకు చేటు

2022లో నాన్నకు మోకాళ్లు బాగా పట్టేశాయి. దగ్గర్లోని ఒక వైద్యుడు నొప్పి బిళ్లలు రాసిచ్చాడు. నాన్న తన గుండె సంగతి చెప్పలేదు, ఆయన అడగలేదు. పది రోజులు వేసుకున్నాడు, హాయిగా ఉందన్నాడు. పదకొండో రోజు కాళ్లు పొంగి, రాత్రి పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాకు హాస్టల్‌కు ఫోన్ వచ్చేసరికి ఆయన ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు.

జరిగింది ఇది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు ఒంట్లో ఉప్పును, నీటిని నిలవచేస్తాయి. మూత్రపిండాలకు రక్తం తగ్గిస్తాయి. నీరు తీసే లాసిక్స్ బిళ్ల పనిని చెడగొడతాయి. బలహీనమైన గుండె ఆ నీటి బరువు మోయలేదు, నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మోకాలి నొప్పికి వేసుకున్న బిళ్ల ఊపిరి దాకా వచ్చింది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి నొప్పి వస్తే సాధారణంగా పారాసెటమాల్‌తో, కాపడంతో, పై పూతతో నెట్టుకురమ్మంటారు. అది కూడా డాక్టరును అడిగే వాడాలి.

షుగరు సంగతి మరీ మోసం. చాలాకాలం షుగరు ఉంటే నరాలు మొద్దుబారి గుండెపోటు కూడా నొప్పి లేకుండా రావచ్చు. ఉత్త ఆయాసం, చెమట, వాంతి మాత్రమే ఉండవచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగించడం మన ఊళ్లలో మామూలే. మూత్రపిండాలు బలహీనపడితే కొన్ని షుగరు మందులు, ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. అప్పుడు గుండెదడ, చేతుల వణుకు రావాలి. కానీ గుండెకు ఇచ్చే మెటోప్రొలాల్ వంటి బిళ్లలు ఆ రెండింటినీ కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. నాన్నకు కారణం లేకుండా చెమట పడితే ముందు షుగరు చూడమని అమ్మకు నేర్పాను.

జబ్బులు కలిసి వస్తే మందూ కలిసి వచ్చిన సందర్భం ఒకటి ఉంది. షుగరుకని వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ అనే బిళ్ల షుగరు లేనివారికి కూడా గుండె వైఫల్యంలో మేలు చేస్తుందని 2019లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. తర్వాత మూత్రపిండాలకూ మేలని తెలిసింది. 2020లో మన దేశంలో దాని పేటెంటు ముగియడంతో ధర బాగా తగ్గింది. అందరికీ సరిపడుతుందని కాదు, వాంతులు విరేచనాలప్పుడు, ఉపవాసాలప్పుడు ఆపాలా అన్నది ముందే అడిగి ఉంచుకోవాలి.

తిండి, నీళ్లు, ప్రయాణం

గుండె డాక్టరు ఉప్పు తగ్గించమంటాడు. షుగరు డాక్టరు ఆకుకూరలు, కాయలు తినమంటాడు. కిడ్నీ డాక్టరు పొటాషియం పెరుగుతుంది, చూసి తినమంటాడు. "ఇక మిగిలింది గాలేగదరా" అన్నాడు నాన్న. నవ్వాం గానీ అందులో నిజముంది. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే సుమారు ఒక చెంచా, మామూలు మనిషికి కూడా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ, అప్పడం, ఎండుచేప ఉన్న ఇంట్లో ఆ చెంచా ఒక్క పూటకే అయిపోతుంది. ఉప్పుకు బదులని దుకాణంలో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అది ప్రమాదం. పరామర్శకు వచ్చినవాళ్లు తెచ్చే కొబ్బరిబోండాలూ అంతే.

నీళ్ల బిళ్ల గురించి ఏ పుస్తకంలోనూ సరిగా రాయలేదు. అది వేసుకుంటే రెండు మూడు గంటలు అరగంటకోసారి లేవాలి. బస్సులో ఎలా? అందుకని పెళ్లికో, పింఛను పనికో వెళ్లే రోజున నాన్న బిళ్ల మానేసేవాడు, ఎవరికీ చెప్పకుండా. ఆడవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. డాక్టరును అడిగితే ఆ రోజుకు ఇంటికి వచ్చాక మధ్యాహ్నం వేసుకోవచ్చన్నారు. అడగడానికి మాకు మూడేళ్లు పట్టింది.

మనసు

గుండె వైఫల్యం ఉన్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి వైద్యం అవసరమైనంత దిగులు ఉంటుందని 2006లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. మనవాళ్లు దీన్ని జబ్బనరు, 'ముభావంగా ఉంటున్నాడు' అంటారు. మనిషి మందులు మానడం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

పోయిన సంవత్సరం వార్డుకు వెళ్లేముందు అభ్యాసం కోసం ఆ 21 ప్రశ్నలు మొదట నాన్ననే అడిగాను. ఆయాసానికి 2 అన్నాడు. నిద్రకు 1. ఇంటివాళ్లకు భారమయ్యావనిపిస్తుందా అన్నప్పుడు కాసేపు వాకిట్లోకి చూసి, "అయిదు కంటే పైన లేదా?" అన్నాడు. రెండు బస్తాలు ఒకేసారి మోసిన మనిషి, ఆరేళ్లుగా మంచం మీద కూర్చుని అమ్మ కూలికి వెళ్లడం చూస్తున్నాడు. ఆ సంగతి ఏ డాక్టరుకూ తెలియదు, నాకూ అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒకటే నోటుపుస్తకం. మొదటి పేజీలో నాలుగు జబ్బుల పేర్లు, వాడకూడని మందుల పేర్లు పెద్ద అక్షరాలతో రాశాను. ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా ముందు అది చూపిస్తారు. రోజూ పొద్దున్నే మూత్రవిసర్జన అయ్యాక, టిఫిన్‌కు ముందు, నాన్న బరువు చూసుకుంటాడు. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే ఫోన్ చేయాలి. అంకెలు చెల్లెలు రాస్తుంది. డాక్టరు సరేనన్నాక యార్డులో పాత మేస్త్రీ దగ్గర కూర్చుని బస్తాల లెక్క చూసే పని పూటపూటకు చేస్తున్నాడు. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ ఆ ప్రశ్నలు అడిగాను. ఆయాసం అదే 2. మెట్లు ఇంకా 4. భారం దగ్గరికి వచ్చేసరికి, "మూడు వేసుకో" అన్నాడు. పంపింగ్ ఇప్పటికీ 35 శాతమే.