గోపీచంద్ మోకాలు - మనకు గుర్తున్నది, మనం మరచినది



పుల్లెల గోపీచంద్ అనగానే మీలో చాలామందికి సైనా, సింధుల వెనుక కుర్చీలో కూర్చున్న కోచ్ గుర్తుకు వస్తారు. మాకూ అంతే. ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచిన 2001 మార్చి నాటికి మేము పుట్టనే లేదు. అయితే అప్పుడు ఇక్కడ చదువుకుంటున్న అన్నలు ఇప్పుడు భద్రాచలం, పాల్వంచ, మణుగూరు, ఇల్లెందులలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడల్లా వారిని ఒకటే ప్రశ్న అడుగుతూ వచ్చాం: "గోపీచంద్ ఆట గురించి మీకేం గుర్తుందన్నా?"

జవాబులు చెప్పేటప్పుడు వారి ముఖాలు వెలిగిపోయాయి. ఒక అన్న మర్నాటి పేపర్లో వచ్చిన ఫొటోను కత్తిరించి, అన్నం మెతుకులతో రేకు పెట్టె మూత లోపల అంటించుకున్నాడట. ఇంకొక అన్న, షటిల్ బ్యాట్ అనేది అంతవరకు ఆఫీసర్ల క్లబ్బులో తప్ప ఎక్కడా చూడలేదని, ఆ వారమంతా హాస్టల్ వెనక అట్టముక్కలతో ఆడామని చెప్పాడు. (మన ఊళ్ళలో ఉన్నిబంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ వేరు, షటిల్ వేరు. షటిల్ కాక్‌కు 16 ఈకలుంటాయి, అందుకే గాలిలో దాని నడక వేరు.) ఫైనల్లో పీటర్ గేడ్‌ను ఓడించాడని ఒకరు, కాలు విరిగిన ఏడాదికే కప్పు తెచ్చాడని ఇంకొకరు, ఇక నడవలేడని డాక్టర్లు చేతులెత్తేశారని మరొకరు అన్నారు.

అభిమానంతో దాచుకున్న జ్ఞాపకాలను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కానీ అందరి కథా ఒకటే దారిలో నడిచింది: పడ్డాడు, పట్టుదలతో లేచాడు, గెలిచాడు. పడడానికీ గెలవడానికీ మధ్య ఏడేళ్ళున్నాయి. ఆ ఏడేళ్ళు ఎవరికీ గుర్తు లేవు.

ఆ ఏడేళ్ళ గురించి రాయడానికి మాకొక కారణం ఉంది. మాతో ఇదే హాస్టల్‌లో చదివిన ఒక మిత్రుడు కబడ్డీలో రైడుకు వెళ్ళి, కాలు నేలమీద ఉండగానే ఒళ్ళు తిప్పి పడిపోయాడు. మోకాలు గుమ్మడికాయలా వాచింది. పసరు కట్టు కట్టించారు. వాపు తగ్గింది. "గోపీచంద్ లేవలేదా, నువ్వూ లేస్తావు" అని అందరూ ధైర్యం చెప్పారు. ఆరు వారాలకే బరిలోకి దిగాడు. అదే మోకాలు మళ్ళీ మెలిపడింది. 2022 డిసెంబరులో కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలు జరిగినప్పుడు 1600 మీటర్ల పరుగు సగంలోనే కూర్చుండిపోయాడు. వాడిది మా ఇళ్ళలాంటి ఇల్లే. మాలాగే వాడి ఇంట్లోనూ డిగ్రీ దాకా వచ్చింది వాడే మొదలు. ఆ ఉద్యోగం మీద ఎంతమంది ఆశ పెట్టుకున్నారో మేము వేరే చెప్పనక్కర లేదు. వాడికి పట్టుదల తక్కువై కాదు. వాడికి మనం చెప్పిన కథలో మధ్య భాగం లేదు.

ముందు మోకాలి సంగతి. ఎముకను ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీలను లిగమెంట్లు అంటారు. మోకాలిలో ముఖ్యమైనవి నాలుగు. వాటిలో రెండు కీలు నడిమధ్యన గుణకారపు గుర్తులాగా ఒకదాని మీదుగా ఒకటి ఉంటాయి. ముందున్న దాని పేరు ఏసీఎల్. చిటికెన వేలంత పొడవు కూడా ఉండదు. కింది ఎముక ముందుకు జారకుండా, అడ్డదిడ్డంగా మెలితిరగకుండా పట్టి ఉంచేది అదే. పరుగెత్తుతూ ఠక్కున ఆగినప్పుడు, ఒంటికాలి మీద దూకినప్పుడు, పాదం కదలకుండా ఒళ్ళు తిప్పినప్పుడు బరువంతా దానిమీద పడుతుంది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, షటిల్ - మనం ఆడేవన్నీ ఇలాంటి ఆటలే. అమ్మాయిలకు ఈ దెబ్బ తగిలే అవకాశం ఇంకా ఎక్కువని వైద్యులు గుర్తించారు, కాబట్టి చెల్లెళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి.

చర్మం తెగితే అతుక్కుంటుంది. పూర్తిగా తెగిన ఏసీఎల్ సాధారణంగా దానంతటదే అతుక్కోదు. కీలు లోపలి ద్రవంలో ఉండడం దీనికి ఒక కారణం. కొందరు ఆపరేషన్ లేకుండా వ్యాయామంతోనే మామూలు జీవితం గడపగలరు. మెలికలు తిరిగే ఆటలకు మళ్ళీ వెళ్ళాలనుకునే వారికి, తొడ వెనుక నుంచో మోకాలి చిప్ప కింది నుంచో ఒక పట్టీ తీసి ఏసీఎల్ స్థానంలో బిగిస్తారు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. బిగించిన కొత్త పట్టీ మొదటి నెలల్లో గట్టిపడకపోగా బలహీనపడుతుంది. దానికి రక్తనాళాలు మొలిచి, అది లిగమెంటుగా మారడానికి నెలలు పడుతుంది. నొప్పి మాత్రం అంతకు చాలా ముందే పోతుంది. ఈలోగా తొడ ముందు కండరం వాడకం లేక కరిగిపోతుంది. దాన్ని తిరిగి పెంచడం ఆపరేషన్ కంటే పెద్ద పని. ఆటలోకి రావడానికి కనీసం 9 నెలలు ఆగమని ఇప్పటి వైద్యులు అంటున్నారు.

ఇక గోపీచంద్ దగ్గరకు వద్దాం. ఆయన 1973 నవంబరు 16న అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. 1994లో పుణేలో జాతీయ క్రీడల డబుల్స్ మ్యాచ్ ఆడుతుండగా ఏసీఎల్ తెగింది. అంటే అన్నలు చెప్పినట్టు కాలు విరగలేదు, తెగింది లిగమెంటు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. ఒక్క ఆపరేషన్‌తో పని కాలేదు, మళ్ళీ మళ్ళీ చేయించుకోవలసి వచ్చింది.

1996లో తొలిసారి జాతీయ ఛాంపియన్ అయ్యారు. అది మొదలు 2000 దాకా వరుసగా ఐదుసార్లు. 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కాంస్యం, జట్టుకు రజతం వచ్చాయి. 1999లో అర్జున అవార్డు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇండొనేషియా ఆటగాడు హెంద్రావాన్ చేతిలో ఓడిపోయారు. మా దృష్టిలో ఈ మధ్య భాగమే కథకు గుండెకాయ. దేశంలో గెలవడం, బయట ఓడడం, మళ్ళీ వ్యాయామశాలకు పోవడం - ఇందులో పెట్టె మూతకు అంటించుకునే ఫొటో ఒక్కటీ లేదు. ఆయన ఒంటరిగానూ లేరు. హైదరాబాదులో ఎస్.ఎం. ఆరిఫ్, బెంగళూరులో ప్రకాశ్ పదుకొనే, గంగూలీ ప్రసాద్ వంటి గురువులు ఉన్నారు. బ్యాంకు ఉద్యోగి అయిన తండ్రి, వెన్నంటి ఉన్న తల్లి సుబ్బరావమ్మ ఉన్నారు. మన మిత్రుడికి వీరిలో ఎవరున్నారు? ఆలోచించండి.

2001 ఆల్ ఇంగ్లండ్ పోటీలు బర్మింగ్‌హామ్‌లో జరిగాయి. అప్పటి లెక్క వేరు: సర్వీసు చేసినవాడికే పాయింటు, ఆట 15కు. 14-14 సమానమైతే 17 దాకా పొడిగించుకోవచ్చు. 21 పాయింట్ల పద్ధతి 2006లో వచ్చింది. సర్వీసు చేతులు మారుతూ ఉంటే ఎంత ఆడినా స్కోరు కదలదు, మోకాలికి మాత్రం ప్రతి ర్యాలీ లెక్కే. అలాంటి ఆటలో ఆయన ముందు సిడ్నీ స్వర్ణ విజేత, చైనాకు చెందిన జీ జిన్‌పెంగ్‌ను ఓడించారు. క్వార్టర్స్‌లో డెన్మార్క్ ఆటగాడు ఆండర్స్ బోసెన్‌ను దాటారు. సెమీస్‌లో పీటర్ గేడ్‌పై 17-14, 17-15తో గెలిచారు. రెండు గేములూ పొడిగింపు దాకా పోయిన మ్యాచ్ ఇది. అన్నలు దీన్నే ఫైనల్‌గా గుర్తుంచుకున్నారంటే ఆశ్చర్యం లేదు, నిజానికి ఫైనల్ అంత బిగువుగా సాగలేదు. మార్చి 11న చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ కప్పు గెలిచిన రెండో భారతీయుడు ఆయన.

సరిగ్గా అదే రోజు కోల్‌కతాలో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలైంది. ఆ టెస్టులోనే మన హైదరాబాదు లక్ష్మణ్ 281 పరుగులు కొట్టాడు. ఒకే వారంలో రెండు పండుగలు! షటిల్ జ్ఞాపకాల్లో వివరాలు కలగాపులగం కావడానికి ఇదీ ఒక కారణమేమోనని మా అనుమానం.

కప్పు తర్వాత ఒక కోలా కంపెనీ ప్రకటనలో నటించడానికి ఆయన ఒప్పుకోలేదన్న సంగతి మాత్రం అందరికీ సరిగ్గా గుర్తుంది. ఆ పైన మోకాలు మళ్ళీ ఇబ్బంది పెట్టిందన్నది ఎవరూ చెప్పలేదు. ఆయన ఆట వదిలి శిక్షణ వైపు మళ్ళారు. గచ్చిబౌలి అకాడమీ 2008లో మొదలైంది.

ఆ అకాడమీలో తయారైన సైనా నెహ్వాల్ కథ కూడా కలిపి చదవాలి. 2016 రియో ఒలింపిక్స్‌కు మోకాలి గాయంతోనే వెళ్ళి ఓడిపోయి, వెంటనే ఆపరేషన్ చేయించుకుంది. 2017లో ప్రపంచ పోటీల్లో కాంస్యం, 2018లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది. తిరిగి రావడమంటే ఇదే అని చప్పట్లు కొట్టాం. మోకాలిలో కీళ్ళవాతం వచ్చిందని 2024లో ఆమే చెప్పింది. మోకాలు అప్పు ఇస్తుంది గాని మాఫీ చెయ్యదు.

ఇప్పుడు మన మైదానం సంగతి. ఆడుతూ పడినప్పుడు మోకాలి లోపల 'టప్' మన్నా, రెండు మూడు గంటల్లోనే వాచినా, నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టున్నా, ఆ రోజుకు ఆట ఆపించండి. పిసకవద్దు, లాగవద్దు, నూనె పెట్టి తోమవద్దు. చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ గానీ, గుడ్డలో చుట్టిన ఐసు గానీ పెట్టి, వదులుగా కాక మరీ బిగుతుగా కాక బ్యాండేజీ చుట్టి, కాలు ఎత్తులో పెట్టి పడుకోబెట్టండి. ఎక్స్‌రే బాగుందంటే ఎముక విరగలేదని మాత్రమే. లిగమెంటు అందులో కనబడదు, ఎమ్మారైలో కనబడుతుంది. కాబట్టి ఎమ్మారై అవసరమా అని డాక్టరుగారిని నోరు తెరిచి అడగండి, మొహమాటపడకండి. వ్యాయామాలు చెబితే ఎన్నిసార్లు, ఎన్ని వారాలు అన్నది కాగితం మీద రాయించుకోండి. గోడకు ఆని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడడం వంటి వాటికి రూపాయి ఖర్చు లేదు, అయితే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. దెబ్బ తగిలిన తేదీ, శబ్దం వినిపించిందా లేదా, ఎన్ని గంటలకు వాచింది అన్నవి ఆ రాత్రే వార్డెన్ సారుకు చెప్పి రాయించండి. భద్రాచలంలోనైనా, ఖమ్మంలోనైనా డాక్టరు ముందుగా అడిగేవి అవే.