ఆకురాల్చు అడవులలో మానవ అలజడి: వృక్షజాతుల వైవిధ్యం, ఉత్పాదకత

మానవ కార్యకలాపాల వల్ల అడవికి కలిగే అలజడి రెండు విధాలు. మొదటిది తీవ్రమైనది, ఒక్కసారి జరిగి ఆగిపోయేది. కూపులోని చెట్లన్నీ నరికివేయడం, రహదారి కోసం ఒక పట్టీ మేర అడవిని తొలగించడం ఈ కోవకు చెందుతాయి. రెండవది స్వల్పమైనది, కాని ఎడతెగనిది. వంటచెరకుకు రోజుకొక మోపు, మేకలకు కొన్ని కొమ్మలు, వేసవిలో నేలమీద పాకే నిప్పు, వానకాలంలో లేత మొలకలను తొక్కే మందలు: విడివిడిగా చూస్తే ఇవి లెక్కకు రావు. కాని ఒకదానికీ మరొకదానికీ నడుమ అడవి కోలుకునేందుకు విరామం ఉండదు.

ఈ రెండవ రకానికి 'దీర్ఘకాలిక అలజడి' అన్న భావనను స్థిరపరచినవారు నైనితాల్‌లోని కుమావూన్ విశ్వవిద్యాలయ ఆవరణశాస్త్రజ్ఞులు ఎస్.పి. సింగ్. వర్ధమాన దేశాలలో పర్యావరణ క్షీణతకు ఇదే ప్రధాన కారణమని ఆయన 1998లో ప్రతిపాదించారు. ఆయన కళ్ళముందున్నది హిమాలయపు సమశీతోష్ణ అడవి. అక్కడ బాంజ్ ఓక్ చెట్టును పశువుల మేతకు, వంటచెరకుకు ఏటా కొమ్మలు కొడతారు. ఆకులు కోల్పోయిన చెట్టు గింజ తక్కువగా కాస్తుంది, నీడ పలచబడుతుంది, నేల ఆరిపోతుంది. ఆ ఖాళీలోకి ఎండనూ నిప్పునూ ఓర్చుకునే చీర్ పైన్ ప్రవేశిస్తుంది. చెట్లు ఉంటాయి, అడవి మాత్రం మారిపోతుంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో సమశీతోష్ణ అడవులు లేవు. 1968 నాటి ఛాంపియన్, సేథ్ వర్గీకరణ ప్రకారం మన అడవులలో అధికభాగం దక్షిణ ఉష్ణమండల శుష్క ఆకురాల్చు తరగతికి చెందుతాయి. ఆదిలాబాద్ వైపు టేకు ప్రధానం. నల్లమలలో నల్లమద్ది, చిరుమాను, ఏగిస, తునికి, బిల్లుడు కలసి పెరుగుతాయి. అయినప్పటికీ సింగ్ వివరించిన ప్రక్రియ ఇక్కడ మరింత బలంగా పనిచేస్తుంది. మన చెట్లలో చాలావాటికి నరికిన మోడు నుండి గాని, వేరు నుండి గాని తిరిగి చిగురించే శక్తి ఉన్నది. ఈ శక్తే నష్టాన్ని మన కంటికి కనపడనీయక కప్పిపెడుతున్నది.

కొలతలు దాచేది

అలజడి మధ్యస్థంగా ఉన్నచోట జాతుల సంఖ్య గరిష్ఠంగా ఉంటుందని జోసెఫ్ కానెల్ 1978లో ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని విద్యార్థులు తరచుగా ఉదహరిస్తారు. కొంత నరికితే అడవికి మేలే అన్న వాదనకు దీనిని ఆధారం చేసుకోవడం సరికాదు. ఆ సిద్ధాంతంలో రెండు అలజడుల మధ్య విరామం ఒక ముఖ్యమైన అంశం. నిరంతర అలజడిలో ఆ విరామమే లేదు. పైగా తెరపిపడిన అడవిలో జాతుల సంఖ్య పెరిగితే, ఆ పెరిగినవి ఏవి అని అడగాలి. లాంటానా, తంగేడు, సీతాఫలం లెక్కలో చేరి, ఏగిస, జిట్టేగి తప్పుకొన్నప్పుడు సంఖ్య తగ్గకపోవచ్చు.

అందుకే జాతుల సంఖ్యతో పాటు వాటి నిష్పత్తినీ చూడాలి. తరగతి గదికి తగిన ఊహాత్మక ఉదాహరణ ఒకటి: ఒక మడిలో 10 జాతులు, 100 చెట్లు, ప్రతి జాతికీ 10 చెట్లు. షానన్ సూచిక 2.30. రెండవ మడిలోనూ 10 జాతులే, 100 చెట్లే. కాని ఒకే జాతికి 91, మిగిలిన తొమ్మిదింటికి ఒక్కొక్కటి. సూచిక 0.50. జాతుల జాబితాలో ఈ రెండు మడులకూ తేడా లేదు.

ఉత్పాదకత విషయంలోనూ ఇటువంటి భ్రమ ఉన్నది. ఛాతీ ఎత్తున, అనగా నేల నుండి 1.37 మీటర్ల వద్ద, 100 సెం.మీ. చుట్టుకొలత గల చెట్టు కాండచ్ఛేద వైశాల్యం సుమారు 0.08 చదరపు మీటర్లు. దానిని నరికిన తరువాత మోడు నుండి నాలుగు కాండాలు లేచి, ఒక్కొక్కటి 50 సెం.మీ. చుట్టుకొలతకు చేరితే వాటి మొత్తం వైశాల్యమూ సరిగ్గా అంతే. ఈ ఒక్క కొలతను బట్టి అడవి పూర్తిగా కోలుకున్నదని నివేదిక వ్రాయవచ్చు. నిజానికి ఎత్తు తక్కువ, కలప నాణ్యత తక్కువ. అన్నిటికీ మించి ఆ నాలుగూ ఒకే వేరుపై ఆధారపడిన ఒకే ప్రాణి. కొత్త మొక్క ఒక్కటీ చేరలేదు.

వైవిధ్యానికీ ఉత్పాదకతకూ గల సంబంధంపై 2016లో జింగ్‌జింగ్ లియాంగ్ బృందం 44 దేశాలలోని ఏడు లక్షల డెబ్బైఏడు వేలకు పైగా మడుల సమాచారాన్ని విశ్లేషించింది. వృక్షజాతులు 10 శాతం తగ్గితే ఉత్పాదకత 2 నుండి 3 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. ఈ సంబంధం సరళరేఖ కాదు. జాతులు తగ్గేకొద్దీ పతనం వేగవంతమవుతుంది. ఇప్పటికే పలచబడిన అడవిలో మరొక జాతి పోతే కలిగే నష్టం, దట్టమైన అడవిలో పోయినప్పటి కంటె ఎక్కువ. మన విస్తరణ విభాగాలు గమనించవలసిన అంశం ఇది.

నిప్పు, తునికాకు, తపసి బంక

తునికి చెట్టుకు లేత ఆకు బాగా రావాలంటే ఫిబ్రవరి, మార్చి మాసాలలో రొట్ట కొట్టాలి. అది కూలితో కూడిన పని. నిప్పు పెడితే అదే ఫలితం శ్రమ లేకుండా వస్తుంది. ఇప్పపువ్వు ఏరేవారు చెట్టు కింద నేల శుభ్రపడేందుకు ఎండుటాకు కాలుస్తారు. ఈ నిప్పు పెద్ద చెట్టును చంపదు. తునికి వేరుపిలకలతో తిరిగి వస్తుంది. వాస్తవానికి దాని వాటా పెరుగుతుంది. చనిపోయేది, గింజ నుండి మొలిచి రెండు మూడేళ్ళ వయస్సున్న ఇతర జాతుల మొక్క. తమిళనాడులోని ముదుమలై ఆకురాల్చు అడవిలో భారతీయ విజ్ఞాన సంస్థ 1988 నుండి 50 హెక్టార్ల శాశ్వత మడిలో ప్రతి కాండాన్నీ వెంబడిస్తున్నది. అక్కడా నిప్పుకు బలయ్యేవి ప్రధానంగా సన్నని కాండాలే.

తపసి చెట్టు స్థితి వేరు. బంక కోసం లోతుగా గాట్లు పెడితే పెద్ద చెట్టే ఎండిపోతుంది. తక్కువ గాయంతో బంక తీసే పద్ధతిలో గిరిజన సహకార సంస్థ సేకర్తలకు శిక్షణ ఇచ్చింది. ఇందులో ఒక పాఠం కలదు: సేకరణను నిషేధించకుండానే అలజడి స్థాయిని తగ్గించవచ్చు. సారపప్పు విషయంలో సమస్య మరింత జటిలం. పండకముందే కోయకపోతే మరొకరు కోసుకుపోతారన్న భయంతో పచ్చికాయ దులుపుతారు, కొమ్మలు విరుస్తారు. ఇది అజ్ఞానం కాదు. హక్కు స్పష్టంగా లేనిచోట ఎవరైనా చేసే పనే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించిన సామూహిక వనరుల హక్కు సక్రమంగా అమలైన గ్రామంలో కోత తేదీని గ్రామసభయే నిర్ణయించే అవకాశం ఉన్నది. నా అభిప్రాయంలో ఏ మొక్కల పంపిణీ కంటెను ఇది ఎక్కువ మేలు చేస్తుంది.

వ్యవసాయశాస్త్ర దృష్టితో మరొక మాట. కిలోకు కిలో పోల్చితే దుంగలో కంటె ఆకులో, లేత కొమ్మలో పోషకాలు ఎక్కువ. కావున మోపులుగా తరలిపోయే రొట్ట, బరువుకు మించిన పోషకాలను తీసుకుపోతుంది. నిప్పులో నత్రజని గాలిలో కలుస్తుంది; బూడిదలో మిగిలిన పొటాష్, కాల్షియం వాలు నేలలో తొలకరి వానకే కొట్టుకుపోతాయి. ఎర్రనేలలో పంట అవశేషాలు తీసివేయవద్దని రైతుకు చెప్పే మనం, అదే నేలమీది అడవికి ఆ సూత్రం వర్తించదన్నట్లు ప్రవర్తిస్తున్నాము.

క్షేత్రాభ్యాసం

బోయిన్‌పల్లి నుండి నాగపూర్ రహదారిపై ఉత్తరంగా సాగి కొంపల్లి వద్ద ఎడమకు తిరిగితే దూలపల్లి. తెలంగాణ రాష్ట్ర అటవీ అకాడమీ, భారతీయ అటవీ పరిశోధన విద్యా మండలికి చెందిన అటవీ జీవవైవిధ్య సంస్థ అక్కడే ఉన్నాయి. నగరం అంచుకు వచ్చిన అడవిలో అలజడిని కొలవడం నేర్చుకోదలచిన విద్యార్థి దూరప్రయాణం చేయనక్కరలేదు. అటవీశాఖ అనుమతితో అడవి అంచు నుండి లోపలికి ఒక గీత వెంబడి మడులు వేయాలి. చెట్లకు 10×10 మీటర్లు, పిల్లచెట్లకు 5×5, మొలకలకు 1×1 సరిపోతాయి. ప్రతి మడిలో మోడులు, కాలిన గుర్తులు, పెంటికలు లెక్కించి అలజడి సూచికగా తీసుకోవచ్చు.

పిల్లచెట్ల పట్టికలో గింజమొక్కకూ మోడు చిగురుకూ వేర్వేరు గడులు తప్పనిసరి. నేలమట్టం వద్ద మెడ లావుగా ఉండి పైన కాండం సన్నగా ఉన్నట్లయితే, ఆ మొక్క ఏటేటా కాలి గాని, మేతకు గురై గాని తిరిగి లేస్తున్నదని అర్థం. అటువంటి వేరుమొదళ్ళు సమృద్ధిగా ఉన్నచోట కొత్తగా గోతులు తీసి మొక్కలు నాటడం వృథా వ్యయం. మూడు నాలుగేళ్ళు నిప్పునూ మేతనూ ఆపి, మోడుకు ఒకటి రెండు కాండాలే ఉంచి మిగిలినవి తీసివేస్తే చాలును. పెద్దచెట్ల వరుసలో ఉన్న జాతి పిల్లచెట్ల వరుసలో పూర్తిగా లోపిస్తే మాత్రమే దాని గింజను సేకరించి, తొలకరికి ముందే ఆ మడిలో చల్లించాలి.